సూర్యుడు శాంతిస్తే రేడియేషన్ బెల్టులూ శాంతిస్తాయా?

ఉపగ్రహాల కణ డిటెక్టర్ల డేటా చూడటం నా పని. సూర్యుడి మీద మచ్చలు తగ్గగానే "ఇక కొన్నేళ్లు టెన్షన్ లేదు" అనేస్తారు. ఈ ధీమా ఉపగ్రహాలకు మంచిది కాదు. అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని భూమిని వలయాల్లా చుట్టి ఉండే ఆవేశ కణాలనే వాన్ అలెన్ రేడియేషన్ బెల్టులు అంటారు. లోపలి బెల్టులో ముఖ్యంగా ప్రోటాన్లు, బయటి బెల్టులో ఎలక్ట్రాన్లు ఇబ్బంది పెడతాయి.

అపోహ: సౌర కనిష్ఠంలో (సుమారు 11 ఏళ్ల సౌర చక్రంలో మచ్చలు బాగా తగ్గే దశలో) వాన్ అలెన్ బెల్టులు బలహీనపడతాయి.

వాస్తవం: లోపలి బెల్టు దిగువన జరిగేది దీనికి తలకిందులు. అక్కడి అధిక శక్తి ప్రోటాన్లు చాలావరకు సూర్యుడి నుంచి వచ్చినవి కావు. గెలాక్సీ నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణాన్ని ఢీకొంటే న్యూట్రాన్లు పుడతాయి, కొన్ని పైకి ఎగిరిపోతాయి. విద్యుదావేశం లేదు కనుక అయస్కాంత క్షేత్రం వాటిని పట్టుకోలేదు. కానీ ఒంటరి న్యూట్రాన్ సగటు ఆయుష్షు 15 నిమిషాల లోపే. అది బెల్టు ప్రాంతంలో విచ్ఛిన్నమైతే, పుట్టిన ప్రోటాన్ అక్కడే ఏళ్ల తరబడి చిక్కుకుపోతుంది.

సూర్యుడు శాంతిస్తే కాస్మిక్ కిరణాలకు అడ్డు తగ్గుతుంది. అతినీలలోహిత వేడి తగ్గి పై వాతావరణం కుంచించుకుపోతుంది, ప్రోటాన్లను మింగే గాలి పలచబడుతుంది. రాబడి కాస్త పెరిగి ఖర్చు బాగా తగ్గినట్టన్నమాట. అందుకే లోపలి బెల్టు భూమికి బాగా దగ్గరగా దిగే దక్షిణ అట్లాంటిక్ మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లే ఉపగ్రహాలకు ప్రోటాన్ల తాకిడి ఈ కాలంలోనే ఎక్కువ. హబుల్ టెలిస్కోప్ ఆ ప్రాంతం దాటేటప్పుడు పరిశీలనలు ఆపుకుంటుంది.

అపోహ: అలాగైతే నేల మీద మనకూ ప్రమాదమే.

వాస్తవం: కాదు. బెల్టుల నుంచి జారిన కణాలను వాతావరణం పైనే ఆపేస్తుంది.

అపోహ: పెద్ద సౌర జ్వాల లేకుండా బయటి బెల్టు రెచ్చిపోదు.

వాస్తవం: కరోనా రంధ్రాల (సూర్యుడి బయటి పొరలో అయస్కాంత క్షేత్రం తెరుచుకుని ఉండే చోట్ల) నుంచి వచ్చే వేగమైన సౌర గాలి, అంటే ఆవేశ కణాల ప్రవాహం, చాలు. సూర్యుడి భ్రమణంతో పాటు అది సుమారు 27 రోజులకోసారి మళ్లీ వస్తుంది. చక్రం కనిష్ఠం వైపు దిగే ఏళ్లలో ఇది మామూలే. ఈ సౌర గాలి తాకిన ఒకటి రెండు రోజులకు ఎలక్ట్రాన్ల గ్రాఫ్ పైకి లేస్తుంది, రోజుల తరబడి అక్కడే ఉంటుంది. ఆ ఎలక్ట్రాన్లు ఉపగ్రహం గోడలు దాటి ఇన్సులేషన్‌లో పేరుకుని ఒక్కసారిగా డిశ్చార్జ్ అవుతాయి. 1994 జనవరిలో కెనడా ఉపగ్రహాలు ఆనిక్ ఈ1, ఈ2 ఒకే రోజు అదుపు తప్పింది ఇలాంటి రోజుల్లోనే.

అయితే 2009లో సౌర గాలి మరీ నీరసించి బయటి బెల్టు బాగా పలచబడింది. అదే సమయంలో లోపలి బెల్టు ప్రోటాన్లు తగ్గలేదు. కాబట్టి "బెల్టులు ఎలా ఉన్నాయి?" అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: మీ ఉపగ్రహం ఏ కక్ష్యలో ఉంది?