స్కేటు బ్లేడు కింద వెంట్రుకంత గాడి

ఐస్ హాకీ స్కేటును తలకిందులుగా పట్టుకుని, బ్లేడు కొనను కంటికి ఎదురుగా పెట్టి ట్యూబ్‌లైటు వైపు చూడండి. అడుగుభాగం చదునుగా ఉండదు. పొడవునా ఒక సన్నటి గాడి, దానికి అటొక అంచు, ఇటొక అంచు కనిపిస్తాయి. బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. గాడి లోతు మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ, అంటే తల వెంట్రుక మందమంత. ఆటగాడు మలుపు తిరగాలన్నా, పరుగులో ఉన్నవాడు టక్కున ఆగాలన్నా ఆ కాస్త లోతే ఆధారం.

సాన పట్టడం అనగానే మనకు కొడవలి, కూరగాయల కత్తి గుర్తొస్తాయి. హన్మకొండలో మా వీధికి సైకిల్ మీద వచ్చే సాన పట్టే అతను కత్తిని చక్రానికి వాలుగా ఆనించి, పక్కల నుంచి అరగదీస్తాడు. అంచు పల్చబడి, కోణం తగ్గి, కత్తి తెగుతుంది. స్కేటుకు ఈ పద్ధతి పనికిరాదు. దాని పక్కల్ని ముట్టుకోకూడదు. అడుగునే చెక్కాలి. ముందు సాన చక్రం అంచును వజ్రపు మొనతో గుండ్రంగా తీరుస్తారు. స్కేటును బిగించి, ఆ చక్రం మీద బ్లేడును ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపిస్తే, చక్రానికున్న గుండ్రదనం బ్లేడులో గాడిగా దిగుతుంది. ఆ గుండ్రదనపు వ్యాసార్థమే షాపులో చెప్పే నంబరు: 3/8 అంగుళం, 1/2, 5/8, 1 అంగుళం.

నంబరు పెరిగితే గాడి లోతు తగ్గుతుంది. దీనికి బడిలో నేర్చుకున్న వృత్తం లెక్కే చాలు. అర అంగుళం వ్యాసార్థానికి గాడి లోతు సుమారు 0.09 మిల్లీమీటర్లు, అంచు దగ్గర కోణం సుమారు 83 డిగ్రీలు. ఒక అంగుళానికి లోతు 0.04, కోణం 87. 3/8 అంగుళానికి లోతు 0.12, కోణం 81. నాకు ఈ లెక్కలో అద్భుతంగా అనిపించేది కోణమే. ఎంత పదును పెట్టినా స్కేటు అంచు దాదాపు లంబకోణమే! అలాంటి అంచుతో టమాటా కూడా తరగలేం. అయినా ఒంటిని ఒక పక్కకు వాల్చగానే ఆ మూల ఐసులోకి దిగి, మనిషి బరువునంతా పక్కకు జారకుండా ఆపుతుంది. మధ్యలో గాడి తీయడం వల్ల మూల ఆరేడు డిగ్రీలు వాడిగా మారుతుంది, అంతే. కానీ ఆటగాడికి తేడా తెలిసేది ఆ ఆరేడు డిగ్రీల్లోనే.

పట్టు పెరిగితే జారుడు తగ్గుతుంది. అంచు ఎక్కువ దిగిన కొద్దీ ఐసును ఎక్కువ దున్నుకుంటూ పోవాలి, కాళ్లు త్వరగా అలసిపోతాయి. అందుకే అందరికీ సరిపోయే నంబరు అంటూ ఒకటి లేదు.

అసలు ఐసు మీద ఉక్కు అంత సులువుగా ఎందుకు జారుతుంది? స్కేటుకు, ఐసుకు మధ్య ఘర్షణ గుణకం 0.005 ప్రాంతంలో ఉంటుంది. అంటే 70 కిలోల మనిషిని వెనక్కి లాగే బలం 350 గ్రాముల బరువంత. బ్లేడు ఒత్తిడికి ఐసు కరిగి నీరవుతుంది, అందుకే జారుతుందని చాలా పుస్తకాల్లో చదివాం. లెక్క వేస్తే అది కుదరదు. 75 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడి, బ్లేడు 4 సెంటీమీటర్ల పొడవున ఐసును తాకిందనుకుందాం. ఒత్తిడి సుమారు 60 వాతావరణ పీడనాలు. దానివల్ల ఐసు కరిగే ఉష్ణోగ్రత దిగేది అర డిగ్రీ లోపే. హాకీ రింకు, అంటే ఆట ఆడే ఐసు మైదానం, మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, కాబట్టి ఒత్తిడి ఒక్కటే చాలదు. జారేటప్పుడు రాపిడికి పుట్టే వేడి ఐసును పల్చగా కరిగిస్తుందని 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించారు. అంతకు చాలా ముందే, 1850లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే, ఐసు కరగని చలిలో కూడా దాని ఉపరితలం మీద నీటిలాంటి పల్చని పొర ఉంటుందని వాదించాడు. ఆ మాటలో నిజముందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

ఇదే ఫారడే మన ఉక్కును కూడా పరిశీలించాడు. కమ్మరి కొడుకు కదా, ఇనుము మీద ఆసక్తి సహజమే. 1819లో వూట్జ్ అనే భారతీయ ఉక్కును విశ్లేషించి వ్యాసం ప్రచురించాడు. తర్వాత కత్తులు తయారు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశాడు. ఆ రకం ఉక్కుకు మన వైపు పేరుమోసిన ఊరు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడ మట్టి మూసల్లో ఇనుమును మూసిపెట్టి కరిగించే పద్ధతిని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్సీ కళ్లారా చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవారు. అందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. నేటి స్కేటు బ్లేడు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలే. తుప్పు పట్టకుండా అందులో క్రోమియం కలుపుతారు. కానీ కాల్చి చల్లార్చితే గట్టిపడి, అంచు నిలబెట్టే గుణం అక్కడా ఇక్కడా కార్బన్ నుంచి వచ్చిందే. ఉత్తర తెలంగాణలో పుట్టిన మనం ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి.

కాజీపేటలో పెరిగి ఇప్పుడు కెనడాలోని కాల్గరీలో ఉంటున్న మా మేనల్లుడు కొడుకును హాకీలో చేర్పించి, తనూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు షాపు నుంచే ఫోన్ చేశాడు: “మామా, హాఫ్ ఇంచా, ఫైవ్ ఎయిత్సా అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?” ఇద్దరికీ ఒకటే నంబరు చెప్పొద్దన్నాను. బరువున్న మనిషి అంచు తనంతట తానే ఐసులోకి దిగుతుంది, లోతు తక్కువ గాడి చాలు. తేలికైన పిల్లాడికి లోతు కొంచెం ఎక్కువ కావాలి. ఐసును బట్టి కూడా మారుతుంది. లద్దాఖ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద ఆడే పిల్లలకు ఐసు రాయిలా ఉంటుంది, పట్టు దొరకాలంటే లోతైన గాడి అవసరం. మెత్తటి ఐసున్న రింకులో అదే గాడి కాళ్లను లాగేస్తుంది.

గాడి అడ్డంగా చూసే సంగతి. పక్క నుంచి చూస్తే ఇంకో వంపు కనిపిస్తుంది, దాన్నే ప్రొఫైల్ అంటారు. మామూలు హాకీ బ్లేడు అడుగు సుమారు 10 అడుగుల వ్యాసార్థమున్న వృత్తంలో ఒక ముక్క. బ్లేడు ఐసులోకి 0.1 మిల్లీమీటరు దిగిందనుకుంటే తాకే పొడవు 5 సెంటీమీటర్ల లోపు. వ్యాసార్థాన్ని 9 అడుగుల నుంచి 13కు పెంచితే ఆ పొడవు పెరిగేది ఒక సెంటీమీటరే. ఆ సెంటీమీటరుతో నిలకడ, వేగం పెరుగుతాయి, గిర్రున తిరగడం కష్టమవుతుంది. గోల్‌కీపరు బ్లేడు ఇంకా చదును. దూరపు పందేల స్పీడ్ స్కేటుకు వ్యాసార్థం 20 మీటర్లు దాటుతుంది, గాడి అసలే ఉండదు. ఈ మధ్య ముందు భాగానికి తక్కువ, వెనక భాగానికి ఎక్కువ వ్యాసార్థం వచ్చేలా ఒకే బ్లేడులో నాలుగు వంపులు కూడా తీర్చుతున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ముందు ఒక వంపు కాళ్లకు అలవాటు కావాలి.

ఎంచుకున్న నంబరు సరైనదే అయినా చేయి సరిగా నడవకపోతే పని చెడుతుంది. చక్రానికి గట్టిగా నొక్కితే అంచు వేడెక్కి నీలి రంగుకు తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. రెండు చివర్ల దగ్గర ఎక్కువసేపు ఆపితే ప్రొఫైలే మారిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది రెండు అంచులు ఒకే ఎత్తులో లేకపోవడం. 3 మిల్లీమీటర్ల వెడల్పులో 0.05 మిల్లీమీటరు తేడా వచ్చినా బ్లేడు అడుగు ఒక డిగ్రీ వాలుతుంది. ఆటగాడు ఒక వైపు చక్కగా తిరుగుతాడు, రెండో వైపు జారి పడతాడు, తప్పు తన కాళ్లదే అనుకుంటాడు. కనిపెట్టడం తేలికే: రెండు అంచుల మీద అడ్డంగా ఒక తిన్నని పట్టీ పెట్టి, బ్లేడు పక్కకు మూలమట్టం ఆనించి చూడాలి. ఆ పరీక్ష చేసి చూపించమని మా మేనల్లుడికి షాపులో అడగమన్నాను. మంచి పనివాళ్లు అడగకముందే చేసి చూపిస్తారు.