బరంపురంలో తెలుగు పుస్తకాల అర ఎందుకు చిన్నదైంది

కిందటి నెల గుణుపురం నుంచి ఒక కథారచయిత మా కొట్టుకి వచ్చారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. చేతిలో గుడ్డసంచి, సంచిలో పది పుస్తకాలు. ఆయన మొదటి కథల సంపుటి. అట్ట తెరిస్తే బంక వాసన ఇంకా పోలేదు. సొంత డబ్బుతో విజయవాడలో ఐదువందల కాపీలు అచ్చు వేయించారట.

"అమ్ముడైనప్పుడే డబ్బివ్వండి బాబూ. వాపసు తీసుకెళ్ళమని మాత్రం అనకండి" అన్నారు.

"పదీ ఉంచేయండి మాస్టారూ" అన్నాను. ఆయన వచ్చింది పూరీ వెళ్ళే రైల్లో. ఒడిశాలోని గుణుపురంలో ఎక్కితే ఆ బండి పర్లాకిమిడి దాటి ఆంధ్రలోకి దిగుతుంది. పాతపట్నం, టెక్కలి, నౌపడ, పలాస, ఇచ్ఛాపురం చూసుకుని మళ్ళీ ఒడిశాలోకి వచ్చి బరంపురం చేరుతుంది. రైలు ఇప్పటికీ సరిహద్దు లేని పాత రోజుల లెక్కనే తిరుగుతోంది. పుస్తకాలకే దారి తెగిపోయింది. రచయిత తన పుస్తకాన్ని తానే మోసుకు తిరగాల్సిన పరిస్థితి ఎలా వచ్చిందో, పాతికేళ్ళుగా తెలుగు పుస్తకాలమ్ముతున్నవాడిగా నాకు తెలిసినంత రాస్తాను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతకుముందు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో పెద్ద పట్టణం. ఇక్కడి కోర్టుల్లో, బజారులో, బడుల్లో ఒడియాతో పాటు తెలుగూ నడిచేది. మన రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి పుట్టిన ఊరిది. ఆ రోజుల్లో ఈ ఊరివాళ్ళు పుస్తకాలు తెప్పించుకుని చదవడంతో సరిపెట్టుకోలేదు, తామే అచ్చు వేసి పంపేవారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వేగుచుక్క గ్రంథమాల ఇక్కడి నుంచే వెలువడింది. తెలుగులో అపరాధ పరిశోధన నవలలు అలవాటు చేసిన ప్రచురణల్లో అదొకటి. గ్రంథమాలల పద్ధతి చాలా సులువు. చందాదారులు ముందే డబ్బు కడతారు, పుస్తకం అచ్చయ్యాక టపాలో ఇంటికి వస్తుంది. రచయితకు, ప్రచురణకర్తకు పుస్తకం రాకముందే పాఠకుడెవరో తెలుసు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కూడా ఇలాంటి చందాదారుల బలంతోనే నిలబడింది. పాఠకుణ్ణి ముందే కూడగట్టుకున్న ఆ పద్ధతే మనకు మళ్ళీ కావాలని నా నమ్మకం.

ఇక పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు 1880లో అక్కడ ఉపాధ్యాయుడిగా చేరి, అర్ధ శతాబ్దానికి పైగా ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఈ రోజు మా కొట్టుకొచ్చే ఏ కొత్త పుస్తకం తీసినా జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉంటుంది. ఆ దారి కోసం పోరాడిన వారిలో ఆయన ముందు నిలిచారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రికను కూడా ఆయన ఇందుకోసమే నడిపారు. ఆయన చేసిన మరో పని నాకు అంతకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు, వాళ్ళ కోసం బడులు పెట్టించారు. ఏ భాషలోనైనా పుస్తకం నిలవాలంటే ముందు ఒకటో తరగతి పిల్లవాడి చేతికి వాచకం అందాలని ఆయన వందేళ్ళ క్రితమే పనిలో చూపించారు.

సరిహద్దు గీసినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఒరిస్సా వైపు వెళ్ళింది. ఓడనెల్ అధ్యక్షతన వేసిన సరిహద్దుల సంఘం ముందు, ఆ తరువాత కూడా, రెండు భాషల వాళ్ళూ గట్టిగా వాదించుకున్నారు. ఆ తగవులోకి నేను వెళ్ళను. రెండు వైపులా న్యాయముంది, రెండు వైపులా గాయముంది. గిడుగువారు మాత్రం నిరసనగా పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బయి దాటాయి. 1940లో కన్నుమూశారు.

అయితే పుస్తకాల రాక ఆ ఏప్రిల్‌తో ఆగిపోలేదు. ఇక్కడి కళాశాలలు ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడిన 1943 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే నడిచాయి. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన దాత, స్వయంగా తెలుగు కవి. పెద్దవాళ్ళ చదువు చాలా కాలం అలాగే సాగింది. తరవాత ఎమెస్కో పాకెట్ పుస్తకాలు వచ్చాయి, విశాలాంధ్ర వారి ద్వారా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు వచ్చాయి. నున్నటి కాగితం, గట్టి అట్ట, చవక ధర. మా నాన్నగారు వాటిని ఎదుటి వరసలో పెట్టేవారు. ఆ అనువాదకుల్లో ఉప్పల లక్ష్మణరావు ఒకరు. 1898లో బరంపురంలోనే పుట్టిన మనిషి. మా ఊరివాడి అనువాదం మాస్కోలో అచ్చయి మా ఊరికే తిరిగి వచ్చేది. 1991లో సోవియట్ దేశం పోయింది, ఆ పుస్తకాలూ పోయాయి.

అసలు దెబ్బ మరోచోట తగిలింది. పుస్తకాల కొట్టు కథల మీద, కవిత్వం మీద బతకదు, బడి పుస్తకాల మీద బతుకుతుంది. జూన్‌లో వాచకాలు, నోటుపుస్తకాలు అమ్మిన డబ్బుతోనే మా నాన్నగారు ఏడాదంతా నవలలు తెప్పించేవారు. తెలుగు మాధ్యమం బడులు ఒక్కొక్కటిగా తగ్గాయి. ఉన్నచోట తెలుగు పంతులు పదవీ విరమణ చేస్తే ఆ స్థానం ఖాళీగానే ఉండిపోయింది, వాచకాలు సమయానికి చేరలేదు. తల్లిదండ్రులు ఒడియా బడికో ఇంగ్లీషు బడికో మారారు. వాళ్ళను తప్పు పట్టలేను, నా పిల్లల్ని కూడా అలాగే చదివించాను. తెలుగు వాచకం అమ్మకం ఆగిన మూడు నాలుగేళ్ళలోనే మా కొట్టులో నవలల అర సగమైంది. ఆ రెంటికీ ఉన్న ముడి నాన్నగారికి ముందే తెలుసు. నాకు ఖాతా పుస్తకాలు తిరగేశాక తెలిసింది.

ఇప్పుడు మా కొట్టును నిలబెడుతున్నవి ఉగాది పంచాంగాలు, వ్రతకల్పాలు, పెద్ద బాలశిక్ష. ఒడియావారి పండుగల లెక్క వేరు కాబట్టి ఇక్కడి తెలుగు ఇంట్లో పంచాంగం తప్పదు. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతరకు బంధువులు ఊరికి వచ్చినప్పుడు నవలలు కొంచెం కదులుతాయి.

కొత్త పుస్తకం లెక్క ఇలా ఉంటుంది. 150 రూపాయల పుస్తకం మీద నాకు మిగిలేది 50 లోపే. కొరాపుట్‌లోనో రాయగడలోనో ఉన్న పాఠకుడికి ఒక్క కాపీ పంపాలంటే టపా ఖర్చులకే అందులో చాలా భాగం పోతుంది. ఇదివరకు తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఆదుకునేది. 2024 డిసెంబరులో తపాలా శాఖ దాన్ని ఎత్తివేసింది. పెద్ద నగరంలో పుస్తకం ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ సంగతి పట్టకపోవచ్చు. చిన్న ఊరి కొట్టుకి, సొంతంగా అచ్చు వేసుకునే రచయితకి అది పెద్ద నష్టం. ఆ సేవను తిరిగి తేవాలని అడగవలసింది అందరికంటే ముందు మనమే. విజయవాడలో ఏటా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్ళి నేను కట్టలు తెచ్చుకోగలను. గుణుపురం మాస్టారు తన ఐదువందల కాపీలతో ఎన్ని ఊళ్ళు తిరగగలరు?

మాస్టారు పెట్టి వెళ్ళిన పుస్తకాన్ని మొన్న ఒక అమ్మాయి చేతిలోకి తీసుకుంది. ఇంజినీరింగ్ చదువుతోంది. నాతో చక్కని తెలుగులో మాట్లాడింది కానీ పేరు కూడా చదవలేకపోయింది. "అమ్మమ్మకు చదవడం వచ్చు అంకుల్, మొదటి పేజీలో ఏముందో మీరు చదివి వినిపిస్తారా?" అంది. నిలబడే చదివాను. వంశధార ఒడ్డున ఇసుకలో పుచ్చతీగ నాటుతున్న ముసలావిడ కథ. పేజీ తిప్పబోతుంటే ఆపింది.

"చాలు అంకుల్, మిగతాది అమ్మమ్మ చదువుతుంది" అని డబ్బు ఇచ్చింది. ఖాతాలో మాస్టారి పేరు కింద ఇంకా నాలుగు కాపీలున్నాయి.