గోడ మీద సర్టిఫికెట్, కౌంటర్ వెనక కుర్రవాడు
కర్నూలు పెద్దాసుపత్రి ఎదుటి మందుల అంగళ్లలో ఉదయం పది దాటితే నిలబడటానికి చోటుండదు. ఆదోని, పత్తికొండ వైపు నుంచీ, తుంగభద్ర అవతలి అలంపురం, గద్వాల నుంచీ వచ్చినవారు చీటీ చాపితే, లోపలి కుర్రవాడు దాన్ని ఒక్క చూపు చూసి, అలమరలోంచి షీటు లాగి, డబ్బు చాలదన్నవారికి కత్తెరతో అయిదు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. ఆ ముక్క మీద మందు పేరు సగమే మిగులుతుంది. గడువు తేదీ ఒక్కోసారి అంగట్లోనే ఉండిపోతుంది. గోడకు తగిలించిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఎవరిదో అడిగేవారుండరు.

ఫార్మసిస్టు కానివారు మందిచ్చే ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1930లో కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఏర్పడిన ఔషధ విచారణ సంఘం మరుసటి ఏడాది ఇచ్చిన నివేదిక పునాదిగా 1940లో ఔషధ చట్టం, 1945లో దాని నిబంధనలు వచ్చాయి. డాక్టరు రాసిన మందును రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా గాని, ఆయన ప్రత్యక్ష పర్యవేక్షణలో గాని ఇవ్వాలని 65వ నిబంధన చెబుతుంది. అయితే అంతమంది ఫార్మసిస్టులు ఎక్కడున్నారు? ఉన్నది కాంపౌండర్లు. మిక్స్చరు కలిపి, సీసాకు మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి, ఒక్కో మెట్టు ఒక్కో మోతాదని చెప్పే ఆ పనితనాన్ని తక్కువ చేయలేం. అందుకే 1948 నాటి ఫార్మసీ చట్టం అయిదేళ్ల అనుభవమున్న కాంపౌండర్లను తొలి రిజిస్టరులో చేర్చుకుంది. రిజిస్టరులో లేనివారు మందివ్వరాదన్న 42వ సెక్షను అమలు తేదీని మాత్రం రాష్ట్రాలకు వదిలేసింది. 1976 సవరణ తెచ్చిన గడువు ముగిసేదాకా, అంటే 1984 వరకు, ఆ నిషేధం దేశమంతటికీ వర్తించలేదు. ఈ ముప్ఫై ఆరేళ్లలో అంగట్లో నిలబడి నేర్చుకోవడమే చదువైపోయిందని నా అభిప్రాయం.

ఈలోగా మిక్స్చరు సీసాలు పోయి కంపెనీ మాత్రలు వచ్చాయి. పొరపాటు కొలతలోంచి పేరులోకి మారింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల తగాదాలో 2001లో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, మందులు విషాలే గాని మిఠాయిలు కావని గుర్తు చేసి, వాటి పేర్ల పోలికను మరింత కఠినంగా చూడాలని చెప్పింది. జనరిక్ పేర్లను, అంటే కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాక మందు అసలు పేరును, స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో డాక్టర్లను ఆదేశించింది. తమ బ్రాండు పేరు వేరే మందు పేరును పోలి ఉండదని తయారీదారు హామీపత్రం ఇవ్వాలన్న నిబంధన 2019లో గాని రాలేదు.

పేరు సరిగ్గా చదివినా ప్రమాదం తప్పదనడానికి మెథోట్రెక్సేట్ ఒక్కటి చాలు. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వాడాలి. దానితోపాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా రాస్తారు. రెండూ తరచు చిన్న పసుపు మాత్రలే. షీటు కత్తిరించి, రెంటినీ ఒకే కవరులో వేసి, "రోజూ ఒకటి" అంటే మెథోట్రెక్సేట్ రోజూ ఒంట్లోకి పోతుంది. నాలుగైదు రోజులకే నోరు పూయవచ్చు. ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతే ప్రాణానికే ముప్పు.

మందు ఎలా వాడాలో ఫార్మసిస్టు రోగికి వివరించాలని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. చెప్పవలసింది ఒక్క వాక్యమే, "ఇది వారానికి ఒకటే" అని. ఆ వాక్యం వినకుండా గద్వాల బస్సెక్కినవారు నోరు పూస్తే మళ్లీ పెద్దాసుపత్రికి రారు. తమ ఊళ్లోని అంగడికి వెళ్లి నోటిపూతకు మందు అడుగుతారు. అక్కడివారు అలమరలోంచి బీ కాంప్లెక్స్ షీటు తీసి, అయిదు మాత్రలు కత్తిరించి ఇస్తారు.