స్వరాల్లో బొమ్మలు ఎక్కడివి?

బీథోవెన్ 1801లో రాసిన ఒక పియానో సొనాటాను, అంటే భాగాలుగా సాగే వాద్య రచనను, ప్రపంచమంతా ‘మూన్‌లైట్’ అంటుంది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. దాని మొదటి భాగాన్ని స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ సరస్సు మీది వెన్నెలతో పోల్చినవాడు లుడ్విగ్ రెల్‌ష్టాబ్ అనే జర్మన్ విమర్శకుడు. 1827లో బీథోవెన్ పోయాక ఆ పోలికే పేరుగా స్థిరపడింది. ఇప్పుడు కళ్లు మూసుకుని వినేవారికి నీళ్లు, చంద్రుడు కనిపిస్తాయి. మూడో భాగంలో స్వరాలు తుపానులా విరుచుకుపడుతుంటే ఆ చంద్రుడు ఎటు పోయాడని మాత్రం ఎవరూ అడగరు!

అలాగని రెల్‌ష్టాబ్ ఊరికే కల్పించాడనలేం. పేరు పక్కన పెట్టి చెవి ఒగ్గితే కారణం దొరుకుతుంది. కుడిచేయి మూడేసి స్వరాలను నెమ్మదిగా, ఆగకుండా పలికిస్తుంటుంది. కింద మంద్రస్వరాలు నిదానంగా దిగుతుంటాయి. తీగల కంపనాన్ని ఆపే డ్యాంపర్లను ఈ భాగమంతా ఎత్తి ఉంచాలని బీథోవెన్ సూచన. దాంతో ఒక స్వరం ఆరకముందే మరొకటి వచ్చి కలుస్తుంది, అంచులు చెరిగిపోతాయి. అలాంటి ధ్వని మసక వెలుగును తలపించడంలో వింతేమీ లేదు.

ధ్వనికీ బొమ్మకీ మధ్య ఇటువంటి జతలు కొన్ని భౌతికశాస్త్రం నుంచే వస్తాయి. పెద్ద వస్తువులు సాధారణంగా నెమ్మదిగా కంపిస్తాయి, చిన్నవి వేగంగా. అందుకే తారస్థాయి వింటే చిన్నదేదో చురుగ్గా మెదిలినట్టుంటుంది, మంద్రం వింటే బరువు తోస్తుంది.

కథలు మాత్రం పెరిగిన చోటు నుంచి వస్తాయి. 2022లో సంగీత పరిశోధకురాలు ఎలిజబెత్ మార్గులిస్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, మాటల్లేని వాద్య సంగీతాన్ని అమెరికాలో రెండు రాష్ట్రాల వారికీ, చైనాలో గ్విఝౌ ప్రాంతపు పల్లెవాసులకూ వినిపించి, మనసులో ఏ కథ నడిచిందో చెప్పమన్నారు. రాష్ట్రాలు వేరైనా అమెరికన్ల కథలు ఒకదాన్నొకటి పోలాయి. పల్లెవారి కథలు తమలో తాము పోలాయి. ఆ రెంటికీ మధ్య పొంతన తక్కువ.

దీనికి మన దగ్గరి రుజువు షెహనాయి. కాశీలో అది పెళ్లి వాద్యం. పాత తెలుగు సినిమాల్లో అది మోగిందంటే ఎవరో పోయినట్టే. బిస్మిల్లా ఖాన్ రికార్డు పెడితే మన చెవికి ముందు ఆ విషాద ఘట్టమే వస్తుంది. దాన్ని తరమబోతే పోదు. ఆయన ఊపిరి ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఎలా జారుతోందో, ఎక్కడ నిలుస్తోందో పట్టుకుని వింటే సినిమా దానంతటదే పలచబడుతుంది. అయినా పెళ్లి మేళంగా వినిపించకపోవచ్చు. అందుకు కాశీలో పుట్టి ఉండాలి.