నడిగడ్డ: రెండు రాజధానుల మధ్య నలిగిన నేల

గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని మనం నడిగడ్డ అంటాం. కృష్ణా తుంగభద్రల మధ్య ఈ గడ్డ అక్కడితో అయిపోదు. పడమట రాయచూరు, ముద్గల్ దాకా ఒకటే నేల. చరిత్రలో దాని పేరు రాయచూరు అంతర్వేది, అంటే రెండు నదుల నడిమి నేల.

రాయచూరు కోట గోడలో 40 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతి పలక ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. కాకతీయుల సామంతులు గోన వారి తరఫున విఠలనాథుడు ఈ కోట కట్టించాడు. అంత రాయిని బండి మీద, పశువుల బారులు పూన్చి ఎలా లాక్కొచ్చారో ఆ గోడ మీదే చెక్కారు.

తర్వాత విజయనగరం, బహమనీ రాజ్యాలు దీనికోసం తరాల తరబడి కొట్టుకున్నాయి. ముద్గల్ కంసాలి పిల్ల కోసం ఒక యుద్ధం జరిగిందని పారశీక చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆ పిల్ల లేకపోయినా యుద్ధం ఆగేది కాదు. తుంగభద్ర దాటితే హంపీ, కృష్ణ దాటితే సుల్తానుల ఇలాకా. పైగా నల్లరేగడి. ఇక ఎవరు వదులుకుంటారు?

1520లో కృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరు పట్టుకున్నాడు. ఆ ముట్టడి గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసింది ఆసక్తిగా ఉంటుంది. గోడలోంచి రాయి పీకి తెచ్చినవాడికి సైజును బట్టి పణాలు (అప్పటి నాణేలు) ఇచ్చేవారట. పైనుంచి కోటలోవాళ్లు దెబ్బ తీస్తుంటే, కింద గడ్డపారలతో కూలి పని! చివరికి పోర్చుగీసు తుపాకులవాళ్లు వచ్చి బురుజుల మీది వాళ్లను కాల్చాకే పని ఊపందుకుంది.

1565లో విజయనగరం ఓడాక ఈ నేల బీజాపూర్‌కు, ఆపైన మొఘలులకు, నిజాంకు చేరింది. 1853లో నిజాం దీన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి, 1860లో వెనక్కి తెచ్చుకున్నాడు. మధ్యలో రైతును అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అసలు చీలిక 1956ది. భాషల లెక్కన రాయచూరు జిల్లాలో చాలా భాగం మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. గద్వాల, అలంపూర్ తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. కానీ నిజాం కాలంలో మొదలైన రాజోలిబండ కాలువ ఈ గీతను చూసి తవ్వింది కాదు. దాని తల కర్ణాటకలో ఉంటే, 87,500 ఎకరాల ఆయకట్టు తెలంగాణలో ఉంది. కృష్ణా జలాల ట్రిబ్యునల్ ఇచ్చిన 15.9 టీఎంసీలు చివరి పొలం దాకా రావడం లేదన్నదే అలంపూర్ రైతుల గొడవ.