ఉప్పు ఆవిరైపోదు

విజయవాడ

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎండలకు సరస్సులో నీళ్లు తగ్గిపోతే అందులోని ఉప్పు ఎక్కడికి పోతుందని అడిగారు. ఎక్కడికీ పోదు. ఎండ నీటిని మాత్రమే పైకి లాక్కుంటుంది, ఉప్పును అక్కడే వదిలేస్తుంది. చారు మరీ మరిగిపోయిన రోజున అమ్మమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని "ఉప్పెక్కిపోయింది" అంటుంది చూశారూ, ఆ చారులో కొత్తగా ఎవరూ ఉప్పు వేయలేదు, నీళ్లే తగ్గాయి. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆ ఒక్క ముక్క నుంచే వస్తుంది.

మనం మంచినీళ్లు అనుకునేవాటిలోనూ ఉప్పు ఉంటుంది. కొండల రాళ్లనూ పొలాల మట్టినీ ఒరుసుకుంటూ వచ్చే ఏ నీరైనా కాస్తో కూస్తో లవణాలను కరిగించుకునే వస్తుంది. ఉప్పంటే మనం కూరలో వేసుకునేదొక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్లు అన్నీ కలిపి లెక్క. లీటరుకు పావు గ్రాము ఉంటే నాలుకకు తెలియదు. సముద్రంలో లీటరుకు 35 గ్రాములు. కృష్ణ ఎన్ని వేల ఏళ్లు పారినా ఉప్పెక్కలేదంటే అది ఎక్కడా ఆగిపోదు కాబట్టి. తెచ్చిన లవణాలను తెచ్చినట్టే హంసలదీవి దగ్గర సముద్రానికి అప్పగించేస్తుంది. అందుకే ఏ సరస్సు ఉప్పెక్కుతోందని విన్నా, దాని లోపలికి వచ్చే నీటి సంగతి తర్వాత, బయటికి పోయే దారి ఎక్కడుందో ముందు చూడండి.

ఆ దారి లేనివాటిలో బాగా ఇబ్బంది పడుతున్నది అమెరికాలో, కాలిఫోర్నియా దక్షిణాన ఉన్న సాల్టన్ సీ. 1905లో కొలరాడో నది నుంచి పొలాలకు తీసిన కాలువకు గండి పడింది. 1907లో ఆ గండిని పూడ్చేదాకా నదంతా ఒక ఎడారి పల్లంలోకి దిగిపోయింది. అలా తయారైన సరస్సు అది. నీటిమట్టం సముద్ర మట్టానికి దాదాపు 70 మీటర్లు దిగువన ఉంటుంది. అంత గుంటలోంచి నీరు ఎటు పోగలదు? ఆవిరై పైకే పోవాలి. ఏడాదికి దగ్గర దగ్గర ఆరడుగుల నీరు అలాగే పోతుంది. ఆ లోటును తీర్చేది చుట్టుపక్కల పొలాల మురుగునీరు. ఆ నీటి వెంట ఏటా సుమారు 40 లక్షల టన్నుల లవణాలు సరస్సులోకి చేరతాయని అంచనా. 20 టన్నుల లారీలతో లెక్కేస్తే రోజుకు దాదాపు 550 లారీలు. ఒక్కటీ తిరిగి పోదు.

2003లో ఒక ఒప్పందం కుదిరి, ఆ పొలాల నీటిలో కొంత శాన్ డియాగో నగరానికి మళ్లింది. పొలాలకు నీరు తగ్గితే మురుగూ తగ్గుతుంది కదా. ఆ లోటు పూడ్చడానికి 2017 చివరిదాకా సరస్సుకు విడిగా నీళ్లు వదిలారు, తర్వాత ఆపేశారు. ఇప్పుడు ఆ నీరు సముద్రానికి దాదాపు రెండింతలు ఉప్పగా ఉంది. ఒకప్పుడు గాలాలతో జనం బారులు తీరి పట్టిన కార్వినా చేప అక్కడ లేదు. మనం జిలేబీ చేప అనే తిలాపియా ఎంత మొండిదో మీకు తెలుసు, అది కూడా తట్టుకోలేకపోతోంది. పైగా ఒడ్డు వెనక్కి జరిగినకొద్దీ బయటపడిన అడుగు మట్టి దుమ్మై లేచి ఊళ్ల మీద పడుతోంది.

"సముద్రం నుంచి పైపు వేసి నీళ్లు తెచ్చి పోయొచ్చుగా?" అంటారు మీరు. అక్కడి పెద్దవాళ్లూ అదే అన్నారు, ఏళ్ల తరబడి అన్నారు. లెక్క వేసి చూడండి. పొలాల మురుగు లీటరు ఆవిరైతే రెండు మూడు గ్రాముల ఉప్పు మిగులుతుంది, సముద్రపు నీరు లీటరు ఆవిరైతే 35 గ్రాములు. నీటిమట్టం పెరుగుతుంది, మొదట్లో ఉప్పు కాస్త పలచబడుతుంది కూడా, కానీ ఆ తర్వాత రోజూ పడే ఉప్పు పది రెట్లకు పైగా అవుతుంది. ఆ పైపు పని చేయాలంటే పక్కనే రెండో పైపు ఉండాలి, ఉప్పునీటిని వెనక్కి తోడి సముద్రంలో పోయడానికి. ఆ 70 మీటర్లు ఎక్కించడానికి ఏళ్లపాటు పంపులు ఆగకుండా తిరగాలి. 2022లో కాలిఫోర్నియా రాష్ట్రం తరఫున పనిచేసిన స్వతంత్ర నిపుణుల కమిటీ కూడా సముద్రపు నీరు తేవడం వద్దనే తేల్చింది.

ఇక మీ రెండో ప్రశ్న నాకు తెలుసు, ఆర్వో మిషన్. మన వంటింట్లో ఉన్నదాన్ని ఒకసారి గమనించండి. ఒక గొట్టంలోంచి మంచినీళ్లు వస్తాయి, ఇంకో గొట్టంలోంచి వృథా నీరు సింకులోకి పోతుంది. తీసేసిన ఉప్పంతా ఆ రెండో గొట్టంలోనే ఉంటుంది. మనకు సింకు ఉంది కాబట్టి దాని గురించి ఆలోచించం. సరస్సుకు సింకు ఎక్కడ? ఒడ్డున మడులు కట్టి చిక్కటి ఉప్పునీటిని ఎండబెట్టాలి, ఎండిన ఉప్పును ఎక్కడో గుట్ట పోసి, గాలికి లేవకుండా కాపలా కాయాలి. చేయలేని పని కాదు. ఖర్చుతో కూడిన పని, ఏటా చేయాల్సిన పని.

ఇన్ని చిక్కులున్నా కొన్నిచోట్ల ఉప్పు నిజంగా తగ్గింది. ఎలాగంటే, సరస్సును ముక్కలు చేసి. ఇది వినడానికి బాగుండదు. మధ్య ఆసియాలో అరల్ సముద్రం ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం అందులో కలిసే అము దర్యా, సిర్ దర్యా నదులను పత్తి పొలాలకు మళ్లించింది. సరస్సు ఎండిపోతూ రెండుగా చీలింది. మొత్తాన్ని కాపాడేంత నీరు లేదని తేలాక, కజకిస్తాన్ వాళ్లు 2005లో కోకరల్ దగ్గర 13 కిలోమీటర్ల ఆనకట్ట కట్టి, సిర్ దర్యా నీటిని ఉత్తరపు చిన్న ముక్కలోనే ఆపారు. నిండగా ఎక్కువైన నీరు ఆనకట్ట దాటి దక్షిణానికి పోతుంది, వెంట ఉప్పును మోసుకుపోతుంది. అంటే బయటికి దారి లేని సరస్సుకు మనుషులే ఒక దారి చేసిపెట్టారు. ఉత్తరాన ఉప్పు తగ్గింది, మంచినీటి చేపలు తిరిగొచ్చాయి, వలలు మళ్లీ నీళ్లలో పడ్డాయి. దక్షిణపు ముక్క మాత్రం ఏ చేపా బతకనంతగా ఉప్పెక్కిపోయింది.

అమెరికాలోనే గ్రేట్ సాల్ట్ లేక్‌ది ఇంకో రకం. 1959లో రైలు కోసం సరస్సుకు అడ్డంగా కట్ట పోశారు. నదులన్నీ కట్టకు దక్షిణం వైపే కలుస్తాయి కాబట్టి ఉత్తరం వైపు నీరు విపరీతంగా ఉప్పెక్కి గులాబీ రంగుకు తిరిగింది. 2022లో సరస్సు ఎప్పుడూ లేనంత కిందికి దిగి, దక్షిణాన కూడా ఉప్పు పెరిగి, అక్కడి సన్నటి ఉప్పునీటి రొయ్యలకూ వాటిని తిని బతికే లక్షల పక్షులకూ ముప్పొచ్చింది. అప్పుడు ఆ రైలు కట్టలో ఉన్న గండి దగ్గర రాళ్ల గట్టును ఎత్తు పెంచారు. ఉత్తరం వైపు నుంచి వచ్చే చిక్కటి ఉప్పునీరు బరువు కాబట్టి అడుగు నుంచి పాకుతుంది, గట్టు ఎత్తుగా ఉంటే దాన్ని దాటలేదు. 2023లో మంచు బాగా కరిగి నదులు పారడంతో దక్షిణాన ఉప్పు దిగింది. ఖరీదైన యంత్రాలేవీ లేవు, రాళ్లే. నాకు ఈ ఉపాయం బాగా నచ్చింది, అయినా ఆ ఏడు మంచు కురవకపోతే రాళ్లు ఒక్కటే ఏం చేసేవి?

ఉత్తరం కొల్లేటి చాంతాడులా సాగుతోంది, కొల్లేటి సంగతికే వద్దాం.

కొల్లేరు మంచినీటి సరస్సు, దానికి దారీ ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఉప్పుటేరు గుండా దాదాపు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. అయితే ఆ దారి రెండు వైపులా తెరిచే ఉంటుంది. అయిదో కాంటూరు అన్న మాట వినే ఉంటారు. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత అది, అక్కడిదాకా ఉన్న సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అంటే కొల్లేటికీ సముద్రానికీ మధ్య ఎత్తు తేడా మనిషంత కూడా లేదు. సరస్సు నిండుగా ఉంటే ఏరు సముద్రం వైపు పారుతుంది. వేసవిలో పై నుంచి నీరు రాక మట్టం పడిపోతే, పోటు సమయంలో ఉప్పునీరే ఏటిలో ఎగువకు ఎక్కి వస్తుంది. సరస్సులో చేపల చెరువుల గట్లు అడ్డం పడి పారుదల మందగిస్తే అది ఇంకా సులువుగా వస్తుంది. 2006లో ఆ గట్లను పేల్చి మరీ తీసేశారు, తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. దీనికి తోడు, ఒకప్పటి సముద్రం విడిచిపోయిన నేల కాబట్టి అక్కడ లోతుగా బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. రొయ్యల కోసం ఆ నీరు తోడి, పని అయ్యాక మురుగు కాలువలోకి వదిలితే అది చేరేదీ ఇక్కడికే.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది. పోటుకు తలుపులు మూసి, ఆటుకు తెరిస్తే సముద్రపు నీరు ఆగుతుంది. కట్టాల్సిందేనని నా అభిప్రాయం. కాకపోతే సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేప పిల్లలకూ రొయ్య పిల్లలకూ ఆ తలుపు అడ్డమే, కాబట్టి ఎప్పుడు తెరవాలో నిర్ణయించే దగ్గర జాలర్లు కూర్చోవాలి. తలుపు వేస్తే కొత్త ఉప్పు రాదు, లోపల చేరింది మాత్రం పోదు. దాన్ని కడిగి తోసేది పై నుంచి వచ్చే నీరే.

2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగినప్పుడు మనమంతా బుడమేరును తిట్టుకున్నాం. కొల్లేటికి మాత్రం ఉప్పును కడిగేది ఆ బుడమేరు వరదే. విజయవాడ మునగాలని నా ఉద్దేశం కాదు. ఏటికి దాని వెడల్పు దానికి వదిలితే, వెలగలేరు దగ్గర బుడమేరు నీటిని కృష్ణకు మళ్లించే డైవర్షన్ కాలువలో పట్టనిది ఇళ్లలోకి రాకుండా తిన్నగా సరస్సుకు చేరుతుంది. ఇప్పుడేమో వేసవిలో అదే ఏటిలో మన డ్రైనేజీ నీరు తప్ప ఇంకేం పెద్దగా ఉండదు, అదీ తన లవణాలు తాను మోసుకునే పోతుంది.

సంక్రాంతి సెలవులకు వస్తారుగా. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పెలికాన్ పక్షులను చూపిస్తాను. ఆర్వో బాగుచేసే అబ్బాయి దగ్గర నీటిలో కరిగిన లవణాలను కొలిచే, పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది, అలాంటిది ఒకటి కొన్నాను. బుడమేరులో ఒకచోట, సరస్సులో ఒకచోట, ఉప్పుటేరులో పోటుకు ఒకసారి, ఆటుకు ఒకసారి కొలుద్దాం. ఉప్పుటేరు నీరు మరీ ఉప్పగా ఉంటే ఆ మీటరులో అంకెలు చాలవు. అప్పుడు ఆ నీరు ఒక గ్లాసుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తొమ్మిది గ్లాసులు కలిపి, వచ్చిన అంకెను పదితో గుణించాలి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా నేను తెస్తాను, నోటుబుక్కు మీరు తెచ్చుకోండి. ఆ రోజు పోటు ఎన్ని గంటలకో ముందే కనుక్కునే పని కూడా మీదే.

మీ తాతయ్య