టెక్నికల్ హైస్కూలు పూర్వ విద్యార్థులు: అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్ల రోజుల్లో మా వర్క్‌షాపు గోడ దగ్గర తల్లిదండ్రులు తప్పకుండా ఆగుతారు. టెక్నికల్ హైస్కూళ్లలో చదివి ప్రపంచానికి తెలిసినవాళ్ల ఫొటోలు అక్కడ పెట్టాను. నేను డ్రాయింగు, ఫిట్టింగు చెప్పే టీచర్ని. 22 ఏళ్లుగా ఆ గోడ ముందు నిలబడి వాళ్లు అనే మాటలు వింటున్నాను. కొందరు మెచ్చుకుంటారు, కొందరు అనుమానంగా అడుగుతారు. మెచ్చుకునేవాళ్ల మాటల్లో కూడా చాలా అపోహలుంటాయి. ఎక్కువగా వినిపించేవాటికి నా జవాబులు రాస్తున్నాను.

అపోహ: చదువు అబ్బని పిల్లల్నే టెక్నికల్ హైస్కూల్లో వేస్తారు.

వాస్తవం: న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ టెక్నికల్ హైస్కూలు 1922లో మొదలైంది. అక్కడ సీటు కావాలంటే పోటీ పరీక్ష రాసి నెగ్గాలి. 1971లో న్యూయార్క్ రాష్ట్రం ఆ పరీక్షను చట్టంలోనే పెట్టింది. ఆ బడి పూర్వ విద్యార్థుల్లో ఇద్దరికి నోబెల్ వచ్చింది. కన్ను ఎలా చూస్తుందో పరిశోధించిన జార్జ్ వాల్డ్‌కు 1967లో, ఆర్నో పెంజియాస్‌కు 1978లో.

పెంజియాస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. జర్మనీలో పుట్టిన యూదు పిల్లవాడు. 1939లో ఆరేళ్ల వయసులో, తమ్ముణ్ని వెంటబెట్టుకుని, అమ్మానాన్నలు లేకుండా ఇంగ్లండు వెళ్లే పిల్లల రైలెక్కాడు. తర్వాత కుటుంబమంతా న్యూయార్క్ చేరింది. తండ్రి ఒక మ్యూజియం వడ్రంగి షాపులో పనికి కుదిరాడు. తల్లి కోట్ల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. అలాంటి ఇంటి పిల్లవాడు 1951లో బ్రూక్లిన్ టెక్ పూర్తి చేశాడు.

1964లో పెంజియాస్, తోటి శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ కలిసి న్యూజెర్సీలో కొమ్ము ఆకారంలో ఉన్న ఒక పెద్ద యాంటెన్నాతో పనిచేస్తున్నారు. ఎటు తిప్పినా సన్నటి ఒక రొద. పగలూ రాత్రీ ఒకేలా. లోపల పావురాలు గూడు పెట్టుకుంటే తీసేశారు, రెట్టలు కడిగారు. రివెట్ల అతుకుల మీద అల్యూమినియం టేపు అతికించారు. అయినా రొద పోలేదు. చివరికి తేలిందేమంటే, అది విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వేడిమి. వాళ్ల లెక్కలో దాదాపు 3.5 కెల్విన్లు, అంటే సున్నా సెల్సియస్ కంటే దాదాపు 270 డిగ్రీలు కింద. నోబెల్ వచ్చింది దీనికే. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఉండేది రివెట్ల దగ్గరే. తప్పు మన పరికరంలో లేదని ఒక్కొక్క అతుకూ చూసి నిర్ధారించుకున్నాకే వాళ్లు ఆకాశం గురించి మాట్లాడారు.

అపోహ: చేతిపని వేరు, బుర్రపని వేరు. చేతిపనిలో పడ్డవాడు పరిశోధన దాకా వెళ్లలేడు.

వాస్తవం: మా దగ్గర మొదటి ఏడాది పిల్లలకు ఇచ్చే మొదటి పని ఒక ఇనుప దిమ్మను ఆకురాయితో చదును చేయడం. పక్కపక్క ముఖాలు సరిగ్గా 90 డిగ్రీలు రావాలి. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, తేడా ఉన్నచోట సందులోంచి సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఒక అమ్మాయికి మూడు రోజులైనా ఆ గీత పోలేదు. అంచులు అరిగిపోతున్నాయి, మధ్యలో ఉబ్బెత్తుగా మిగిలిపోతోంది. ఆకురాయి ఊగుతోందని అందరికీ తెలుసు, ఎందుకు ఊగుతోందన్నదే తెలియాలి. నాలుగో రోజు ఆ అమ్మాయి నోటుబుక్కులో ఒక బొమ్మ గీసి తెచ్చింది. ఆకురాయి ముందుకు జరిగేకొద్దీ ముందు చేతికీ దిమ్మకీ మధ్య దూరం పెరుగుతుంది, వెనక చేతికి తగ్గుతుంది. కాబట్టి ముందు చెయ్యి బరువు తగ్గిస్తూ, వెనక చెయ్యి బరువు పెంచుతూ పోవాలి. అది మీటల సూత్రం. ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే, కానీ ఆ అమ్మాయి దాన్ని తన మోచేతుల్లోంచి కనుక్కుంది. ఆ పూటే దిమ్మ చదునైంది.

ఈ మాటకు పెద్ద సాక్ష్యం ఇటలీవాడు ఫెడెరికో ఫాజిన్. తండ్రి తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. కొడుకు మాత్రం విచెంజా ఊళ్లో రోసి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో రేడియో విభాగంలో చేరాడు. అది మన లెక్కలో హైస్కూలు స్థాయి చదువే. 1960లో అది ముగించి ఒలివెట్టి కంపెనీలో చేరాడు. 19 ఏళ్ల వయసులో ఒక చిన్న ప్రయోగాత్మక కంప్యూటర్‌ను డిజైన్ చేసి కట్టాడు. ఆ తర్వాతే పడువా యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి 1965లో డిగ్రీ తెచ్చుకున్నాడు. అంటే ముందు సోల్డరింగ్, తర్వాత సిద్ధాంతం. 1971లో ఇంటెల్ అమ్మకానికి పెట్టిన తొలి మైక్రోప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడులా పనిచేసే చిప్పు) 4004 డిజైన్‌ను నడిపించింది ఆయనే. 2,300 ట్రాన్సిస్టర్లు ఉన్న ఆ చిప్పు అంచున తన పేరులోని రెండు పొడి అక్షరాలు ఎఫ్.ఎఫ్. చెక్కుకున్నాడు. తన చేతి పని మీద గుర్తు వేసుకునే అలవాటు మా వర్క్‌షాపు పిల్లలందరికీ ఉంటుంది. అందుకే ఆ చిప్పు ఫొటో మా గోడ మీద అన్నిటికంటే కింద, పిల్లల కంటి ఎత్తులో పెట్టాను.

అపోహ: టెక్నికల్ అంటే యంత్రాలే. వేరే రంగానికి వెళ్తే చదివిన చదువు వృథా.

వాస్తవం: డెట్రాయిట్‌లోని కాస్ టెక్నికల్ హైస్కూలు 1907లో మొదలైంది. కార్ల ఊరు కాబట్టి అందరూ కార్ల ఇంజనీర్లే అనుకుంటారు. జాన్ డెలోరియన్ లాంటి కార్ల ఇంజనీరు అక్కడ చదివిన మాట నిజమే. కానీ అదే బడి జాజ్ సంగీతానికి ఇచ్చినవాళ్ల పేర్లు చూడండి: ట్రంపెట్‌లో డోనల్డ్ బర్డ్, హార్ప్‌లో డొరొతీ ఆష్‌బీ, బాస్‌లో పాల్ ఛాంబర్స్, రాన్ కార్టర్. అక్కడ సంగీతాన్ని కూడా పాఠం, సాధన, గురువు ఉన్న ఒక వృత్తిలాగే నేర్పారు. రాన్ కార్టర్ మొదట చెల్లో వాయించేవాడు. నల్లజాతి కుర్రాడికి చెల్లోతో అవకాశాలు రావడం లేదని చూసి, కాస్ టెక్‌లో ఉండగానే డబుల్ బాస్‌కు మారాడు. తర్వాత 2,221 రికార్డింగుల్లో వాయించినట్టు లెక్కతేలి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కాడు. గాయని డయానా రాస్ 1962లో అక్కడే చదువు ముగించింది. ఆమె నేర్చుకున్నది దుస్తుల డిజైన్, కుట్టుపని.

ఇంకో మాట గుర్తొచ్చింది. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ తల్లి అప్పుడు కాస్ టెక్‌లో కెమిస్ట్రీ టీచరు. పూర్వ విద్యార్థుల జాబితాల్లో టీచర్ల పేర్లు ఉండవు. ఉంటే బాగుంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అపోహ: ఇందులో చేరితే ఆటలు మానుకోవాలి.

వాస్తవం: మెరెడిత్ గూర్డిన్. బ్రూక్లిన్ టెక్ విద్యార్థి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్‌లో 7.53 మీటర్లు దూకి వెండి పతకం తెచ్చాడు. బంగారం 4 సెంటీమీటర్లలో పోయింది. తర్వాత ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, పొగమంచునూ పొగనూ విద్యుదావేశంతో తొలగించే పద్ధతుల మీద పనిచేశాడు. మధుమేహంతో చూపు పోయాక కూడా పరిశోధన ఆపలేదు.

అపోహ: పాత జాబితాల్లో ఆడవాళ్ల పేర్లు లేవు, కాబట్టి ఇది అమ్మాయిలకు సరిపడే చదువు కాదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడు నాకు బాధేస్తుంది, ఎందుకంటే దీన్ని ఎక్కువగా అనేది అమ్మలే. బ్రూక్లిన్ టెక్ 1955 బ్యాచ్‌లో కరోల్ బాబ్కో ఉన్నాడు, 1985లో అట్లాంటిస్ షటిల్ తొలి యాత్రకు కమాండర్‌గా వెళ్లిన వ్యోమగామి. అదే బ్యాచ్‌లో ఒక్క అమ్మాయి కూడా లేదు, ఎందుకంటే అమ్మాయిలకు 1970 దాకా ఆ బడి గేటే తెరవలేదు. షికాగోలోని లేన్ టెక్‌లో 1971 దాకా అంతే. న్యూయార్క్‌లో 1904లో మగపిల్లల చేతిపనుల బడిగా మొదలైన స్టైవెసంట్‌లో 1969 దాకా అంతే. అక్కడ ప్రవేశ పరీక్ష రాయనివ్వమని ఆలిస్ డి రివెరా అనే స్కూలు పిల్ల కోర్టుకెక్కింది. ఆ ఏడాదే కొద్దిమంది అమ్మాయిలు స్టైవెసంట్‌లో చేరారు. కుటుంబం ఊరు మారడంతో ఆలిస్ మాత్రం అక్కడ చదవలేకపోయింది, తర్వాత డాక్టరైంది. 2013లో ఆ బడి ఆమెకు గౌరవ డిప్లొమా ఇచ్చింది. జాబితా చూసేటప్పుడు అందులో ఎవరున్నారన్నదొక్కటే కాదు, ఆ ఏళ్లలో ఎవరికి సీటు ఇచ్చేవారన్నది కూడా అడగాలి. అమ్మాయిలను చేర్చుకున్న కాస్ టెక్ జాబితాలో డొరొతీ ఆష్‌బీ లాంటివాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు.

అపోహ: జాబితాలో పెద్ద పేరుంటే ఆ గొప్పతనం బడిదే.

వాస్తవం: పూర్తిగా కాదు. పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లల్లో కొందరు ఎక్కడ చదివినా పైకి వచ్చేవారే. పెంజియాస్‌కు ఆ ఓపిక బ్రూక్లిన్ టెక్ నేర్పిందా, వడ్రంగి షాపులో పనిచేసిన తండ్రి నేర్పాడా అంటే నేను తేల్చి చెప్పలేను. పైగా 'చదివారు' వేరు, 'పూర్తి చేశారు' వేరు. ఉత్తమ నటిగా ఆస్కార్ గెలిచిన ఎలెన్ బర్‌స్టిన్ పేరు కాస్ టెక్ జాబితాల్లో కనిపిస్తుంది. ఆమె చివరి ఏడాదిలో చదువు వదిలేసి వెళ్లిపోయింది. ఆ పేరు ఉండకూడదని నేను అనను, ఆ సంగతి పక్కన రాయాలంటాను.

అపోహ: జాబితాలో లేనివాళ్లు ఏమీ సాధించనట్టే.

వాస్తవం: నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల పేర్లు అడిగారు. లిఫ్టులు బాగుచేసే ఒకతను, ఆసుపత్రిలో వెంటిలేటర్లు చూసుకునే టెక్నీషియన్ ఒకామె, కరెంటు సబ్‌స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే ఇద్దరు, అలా 14 పేర్లు ఇచ్చాను. ఒక్కటీ అచ్చుకాలేదు. ఏడాది మాత్రమే చదివి మానేసిన ఒక నటుడి ఫొటో నిండు పేజీ వేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మా గోడ కింద ఒక బల్ల, దాని మీద గళ్ల రిజిస్టరు ఉంది. చూడటానికి వచ్చిన పాత విద్యార్థులు పేరు, బ్యాచ్, చేసే పని రాసి వెళ్తారు. సంచికలో పేరు రాని ఆ లిఫ్టుల అతను మొన్న నన్ను చూడటానికి వచ్చాడు. అతను చదివింది ఈ బడి కాదుగా, రాయొచ్చా అని అడిగాడు. రాయమన్నాను. పని అన్న గడిలో 'లిఫ్టు బ్రేకులు, 11 ఏళ్లు' అని రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేశాడు.